ఒక్క పూటా తప్పలేదు

"కూర్చోండి," అన్నాడు గుండె డాక్టరు మూడోసారి.

డిటెక్టివ్ కూర్చోలేదు. కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి బల్ల మీదున్న ప్లాస్టిక్ గుండె బొమ్మ దాకా తిరుగుతూనే ఉన్నాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు తోటివాళ్ళు అతనికి చీమ అని పేరు పెట్టారు. ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆఫీసు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

ఇవాళ కాలు నిలవకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. "మధ్యాహ్నం బేకరీ ఆవిడని అరెస్టు చేస్తున్నాను. తర్వాత చెప్పలేదనుకునేవు," అని పెట్టేశాడు. పదకొండు అప్పుడే దాటింది.

బేకరీ యజమానిని ఆ వీధంతా పెద్దాయన అంటారు. ఏడాదిగా ఆయన గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. డాక్టర్లు దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మందులతో దారికి రాకపోతే హాస్పిటల్లో మత్తిచ్చి, ఛాతీ మీద కరెంటు షాక్ పెట్టి లయ సరిచేశారు. సాయంత్రానికి ఆయన నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. మూడో రోజు తెల్లవారుతూనే పొయ్యిలోంచి బ్రెడ్ ట్రే లాగుతుంటే కుడిచెయ్యి వేలాడిపోయింది. మూతి వంకరపోయింది. తమ్ముణ్ణి పిలవబోయాడు, మాట రాలేదు. మెదడులో పెద్ద రక్తపు గడ్డ. మూడు రోజులు హాస్పిటల్లో ఉండి చనిపోయాడు.

వయసు మీద పడ్డవాడు, గుండె జబ్బు మనిషి, పోయాడు అనుకుని ఊరుకునేవారే. కానీ ఎమర్జెన్సీలో చేర్చగానే తీసిన రక్తంలో, ఆయన రోజూ రెండు పూటలా వేసుకోవాల్సిన బిళ్ళ జాడే లేదు. ఇంట్లో ఆయన మందుల డబ్బా తెరిస్తే, ఆ బిళ్ళ ఉండాల్సిన గళ్ళలో అదే రంగులో, అదే సైజులో విటమిన్ బిళ్ళలున్నాయి.

డబ్బా నింపేది ఆయన భార్య.

"నాకు తలకెక్కేలా చెప్పండి డాక్టరుగారూ," అన్నాడు డిటెక్టివ్. "జబ్బు గుండెకైతే గడ్డ మెదడులోకి ఎలా వెళ్ళింది?"

డాక్టరు ప్లాస్టిక్ గుండెని రెండుగా విప్పాడు. "ఇవి పై గదులు. మామూలుగా పిడికిలి మూసి తెరిచినట్టు కొట్టుకోవాలి. ఈ జబ్బులో కొట్టుకోవు, వణుకుతాయి. రక్తం పూర్తిగా కిందికి దిగదు. ఎడమ పక్క చిన్న సంచీలాంటిది ఉంది చూశారా, ఇందులో నిలవుండిపోతుంది. నిలవున్న రక్తం గడ్డకడుతుంది. అది అక్కడే ఉన్నంతకాలం మనిషికి ఏమీ తెలియదు."

"షాక్ ఇస్తే?"

"లయ కుదురుతుంది. పై గదులకి మెల్లగా బలం తిరిగొస్తుంది. కొందరికి గంటల్లో, కొందరికి రోజుల్లో. లోపల గడ్డంటూ ఉంటే అప్పుడు దాన్ని బయటికి తోసేస్తాయి. అందుకే షాక్‌కి ముందు కనీసం మూడు వారాలు రక్తం పలచబరిచే బిళ్ళ పూట తప్పకుండా పడాలి. తర్వాత ఇంకో నాలుగు వారాలు కూడా."

"ముందు వేసుకోకపోతే?"

"గొంతులోంచి గొట్టం దింపి లోపల గడ్డ ఉందేమో చూస్తాం. ఉంటే షాక్ వాయిదా."

"పెద్దాయనకి చూడలేదు."

డాక్టరు బొమ్మని మూయబోయాడు. రెండు ముక్కలూ సరిగ్గా అతుక్కోలేదు. "మూడు వారాలు మందు పడినవాళ్ళకి చూడక్కర్లేదు. నేను రెండుసార్లు అడిగాను. ఒక్క పూటా తప్పలేదన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే రోజూ బిళ్ళ మింగాడు. అది ఏ బిళ్ళో ఆయనకి తెలీదు."

డిటెక్టివ్ నడక ఆగింది. "అంటే చంపాలనుకున్న మనిషికి కత్తి అక్కర్లేదు, విషం అక్కర్లేదు. మూడు వారాలు బిళ్ళ మార్చి, మీ దగ్గరికి పంపిస్తే చాలు. మిగతాది మీ చేత చేయించారు."

డాక్టరు ముఖం పాలిపోయింది. "అంత ఖాయంగా జరుగుతుందని చెప్పలేం. గడ్డ కట్టకపోవచ్చు కూడా."

"కట్టకపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఇంకో దారి వెతుక్కునేవాళ్ళు. ఈ మూడు వారాల సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు?"

"మొదటిసారి వచ్చినప్పుడే వివరంగా చెప్పాను. ఆయనకీ, ఆయన భార్యకీ. తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆవిడే తోడొచ్చింది. చాలా శ్రద్ధగా వినేది. మధ్యలో తప్పితే ఏమవుతుంది, బిళ్ళ పడిందో లేదో టెస్టులో తెలుస్తుందా అని కూడా అడిగింది. మామూలుగా ఆ టెస్టు చెయ్యం అని చెప్పాను." డాక్టరు తల దించుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్‌కి ఇదంతా చెప్పాను. చెప్పక తప్పలేదు."

డిటెక్టివ్ కాపాడాల్సింది ఆవిడనే.

*

బేకరీ మూయలేదు. పెద్దాయన తమ్ముడు పిండి బల్ల ముందు నిలబడి ముద్దలు చేస్తున్నాడు. మోచేతుల దాకా పిండి, కళ్ళకింద నలుపు. డిటెక్టివ్‌ని ఈ కేసులోకి పిలిచింది ఇతనే.

"డాక్టరేమన్నాడు సార్?"

"మంచి మాట ఏమీ అనలేదు. మీ వదినకీ మీ అన్నకీ ఎలా ఉండేది?"

"వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోకుండా అన్నం తినేవాళ్ళు కాదు. తిట్టుకున్నాక ఒకే కంచంలో తినేవాళ్ళు." అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నన్ను పెంచింది వదినే సార్. మా అమ్మ పోయేనాటికి నాకు పన్నెండేళ్ళు. వదిన ఈ పని చేసిందంటే, ఇంక నేను ఎవర్నీ నమ్మలేను."

"పైన వంటింట్లోకి ఎవరెవరు వెళ్తారు?"

"అందరం. కింద బేకరీ, మొదటి అంతస్తు అన్నావాళ్ళది, రెండోది మాది. పగలు తలుపేసే అలవాటే లేదు."

మెట్ల మీద ఒకామె ఫ్లాస్కు పట్టుకుని ఎదురొచ్చింది. తమ్ముడి భార్య. జుట్టు గట్టిగా ముడేసుకుని, చేతులు తుడుచుకునే తువ్వాలు భుజాన వేసుకుని ఉంది. ఇల్లంతా ఇప్పుడు ఆవిడ చేతుల మీదే నడుస్తోందని చూడగానే తెలుస్తుంది.

"అక్క ఇప్పుడే కాసిని పాలు తాగింది," అంది మెల్లగా. "అన్నం ముట్టడం లేదు. ఎక్కువ మాట్లాడించకండి. తలనొప్పంటోంది."

డిటెక్టివ్ సరేనని పైకెళ్ళాడు.

వంటింట్లో అలమార పై అరలో మందుల సీసాలు, బరువు చూసుకునే చిన్న త్రాసు, ఒక కళ్ళజోడు ఉన్నాయి. వాటన్నిటి మీదా సన్నటి తెల్లటి పొర. వేలితో రాసి చూశాడు. మైదాపిండి. కింద పిండి జల్లించే గదిలోంచి మెట్ల దారిన పైకెగిరి ఆ ఇంట్లో ప్రతి వస్తువు మీదా వాలుతోంది. దగ్గు మందు సీసా మూత గాడుల్లో కూడా పిండి ఇరుక్కుని ముద్దయిపోయింది. అరలో ఒక్కచోట మాత్రం అరచేతి వెడల్పున పిండి పలచగా ఉంది. మందుల డబ్బా అక్కడుండేది.

వెనక బూట్ల చప్పుడైంది.

"వెతుకు, వెతుకు. పంచదార దొరక్కపోతుందా, చీమా?"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా మీద మడత నలగలేదు. డిపార్ట్‌మెంట్లో అతని పేరు ఇస్త్రీ. ఇద్దరూ ఒకేరోజు ఉద్యోగంలో చేరారు. ఒకే కేసులో కొట్టుకుని విడిపోయారు. అతని చేతిలో పారదర్శకమైన కవరు, అందులో వారానికి సరిపడా గళ్ళున్న ప్లాస్టిక్ మందుల డబ్బా.

"ఆవిడకి చూపించి ఒప్పించడానికి తెచ్చాను," అన్నాడు ఇస్త్రీ. "దీని మీద ఆవిడ వేలిముద్రలు తప్ప ఇంకొకరివి లేవు. డబ్బా నింపేది ఆవిడ. డాక్టర్ని అడిగి అన్నీ తెలుసుకుంది ఆవిడ. ఇంకేం కావాలి నీకు?"

"పెద్దాయనవి ఏవి?"

"ఏవి ఏమిటి?"

"వేలిముద్రలు. రోజుకి రెండుసార్లు ఆ డబ్బా తెరిచి బిళ్ళ తీసుకున్న మనిషి ముద్ర ఒక్కటి కూడా లేదు. ఆయనేమన్నా ముక్కుతో తెరిచాడా?"

ఇస్త్రీ కవరుని అటూ ఇటూ తిప్పాడు.

"దాని మడత బందులు చూడు. ఈ ఇంట్లో కళ్ళజోడు స్క్రూలో కూడా పిండి ఉంది. ఇందులో రవ్వంత లేదు. ఎవరో సబ్బు పెట్టి కడిగారు. మీ వాళ్ళు వచ్చి అడిగినప్పుడు ఆవిడ తీసి చేతికిచ్చింది, ఆ ముద్రలే పడ్డాయి."

"ఆవిడే కడిగి ఉంటుంది."

"కడగాలంటే బిళ్ళలన్నీ బయటికి తీయాలి. అప్పుడు ఆ దొంగ బిళ్ళలు మురికి కాలవలో పారేసి అసలువి పెడితే పీడా పోయేది. కడిగిన మనిషి మళ్ళీ దొంగ బిళ్ళలే పేర్చి పెట్టింది. దాచుకోవాలనుకున్న వాళ్ళు చేసే పని కాదిది. దొరకాలనుకున్న వాళ్ళు చేసే పని."

ఇస్త్రీ కవరుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. అతని దవడ బిగిసింది. "నీ మాటలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. కోర్టులో నిలబడేది డాక్టరు మాట. ఆవిడ అడిగిన ప్రశ్నలు ఆయన మర్చిపోలేదు. ఆవిడని పిలవనా, నువ్వు పిలుస్తావా?"

*

ఆవిడ ముందుగదిలో గోడకానుకుని కూర్చునుంది. కింద పొయ్యిల సెగకి గచ్చు కూడా వెచ్చగా ఉంటే, ఆవిడ మాత్రం మెడ దాకా శాలువా కప్పుకుంది. ఇస్త్రీని చూసి లేవబోయి, గోడ పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

"తీసుకెళ్ళడానికి వచ్చారా బాబూ?"

"రెండు నిమిషాలు," అని డిటెక్టివ్ ఆవిడ ఎదురుగా గొంతుకూర్చున్నాడు. "నేను మీ మరిది పెట్టిన మనిషిని. నాకు దాచకుండా చెప్పండి. బిళ్ళలు తప్పితే ఏమవుతుందని మీరు డాక్టర్ని ఎందుకడిగారు?"

ఆవిడ కళ్ళు చిట్లించింది. "నేనడిగానా? నేనెవర్నీ ఏమీ అడగలేదు."

"డాక్టరుకి గుర్తుంది."

"ఆయనకేం గుర్తుందో నాకేం తెలుసు."

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. విన్నావా అన్నట్టు. డిటెక్టివ్‌కి చురుక్కుమంది. తను నిలబడ్డ నేలే కాళ్ళకింద జారుతోంది. ఈవిడ అబద్ధమాడుతుంటే ఇక్కడితో అయిపోయినట్టే. ఇంకో వైపు నుంచి పోవాలి.

"సరే, అది వదిలేయండి. ఆ మూడు వారాల్లో ఆయన ఒంట్లో ఏదైనా తేడా కనిపించిందా?"

"బాగానే ఉన్నాడు. ఆ పాడు బిళ్ళ మొదలెట్టినప్పట్నుంచి పళ్ళు తోముకుంటే చాలు చిగుళ్ళు రక్తం కారేవి. గడ్డం గీసుకుంటే గాటు పడి ఎంతకీ ఆగేది కాదు. ఆ మూడు వారాల్లో అవన్నీ తగ్గిపోయాయి. ఒంటికి పట్టిందిలే, ఇంక భయం లేదనుకున్నాం." ఆవిడ శాలువా అంచు వేలికి చుట్టుకుంది. "ఒకరోజు అద్దంలో పళ్ళు చూపించి మరీ నవ్వాడు."

డిటెక్టివ్ ఇస్త్రీ వైపు చూశాడు. "విన్నావా? రక్తం కారడం ఆగిందంటే మందు ఒంట్లో పడటం లేదన్నమాట. బిళ్ళలు మార్చింది ఈవిడే అయితే ఈ మాట నోరు విప్పి చెబుతుందా?"

"తెలివైన వాళ్ళు చెబుతారు."

"హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడైనా ఈ సంగతి మీరు డాక్టరుతో..." డిటెక్టివ్ మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు.

"నేనెక్కడ వెళ్ళాను బాబూ, నాకా మెట్లు, ఆ మందుల వాసన..."

ఆవిడ మాట ఆపి ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి చుక్క శాలువా మీద పడింది. దాని వెనకే ఇంకోటి. ఆవిడ విసుగ్గా ఒళ్ళో ఉన్న గుడ్డ తీసి ముక్కుకి అదుముకుంది. ఆ గుడ్డ అప్పటికే సగం ఎర్రగా ఉంది.

"పొద్దున్నుంచీ ఇదే వరస. వేడి చేసినట్టుంది."

చెయ్యెత్తినప్పుడు శాలువా మోచేతి దాకా జారింది. ముంజేతి మీద నల్లగా, ఊదాగా మచ్చలు. ఒకటి కాదు. అరచేతి వెనక, మణికట్టు చుట్టూ, మోచేతి మడతలో.

"ఇవేంటి?" డిటెక్టివ్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరైనా కొట్టారా?"

"నన్నెవరు కొడతారు. ఎక్కడ తగిలినా ఇట్టే కమిలిపోతోంది. దిగులుకి ఒళ్ళు చెడిందంది మా తోడికోడలు."

"తలనొప్పి ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. అలమార తలుపు తగిలింది. పెద్ద దెబ్బేం కాదు."

డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. అతని మెదడులో ఒక ప్రశ్న పొద్దున్నుంచీ ఊరికే తచ్చాడుతోంది. పెద్దాయన డబ్బాలోంచి తీసేసిన అసలు బిళ్ళలు ఏమయ్యాయి? ఎవరూ వాటి గురించి అడగలేదు. అవతల పారేశారనుకున్నారు.

"జీపు తీయించు," అన్నాడు ఇస్త్రీతో. "ఈవిడ హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఇప్పుడే."

"స్టేషన్‌కి. ఈ నాటకాలు నేను చాలా చూశాను. అరెస్టు అనగానే అందరికీ తలనొప్పులే వస్తాయి."

"పెద్దాయనకి పడాల్సిన బిళ్ళలు ఈవిడకి పడుతున్నాయి, అర్థమవుతోందా? రక్తం గడ్డకట్టడం మానేసింది. నిన్న తలకి దెబ్బ తగిలింది. లోపల ఎక్కడో కారుతూనే ఉంటుంది. నీ సెల్‌లో పడుకోబెడితే రేప్పొద్దున శవాన్ని లేపుతావు."

"అంటే భర్త బిళ్ళలు తనే మింగిందంటావు."

"నువ్వు అలాగే రాస్తావని ఎవరో లెక్క వేసుకున్నారు. మొగుణ్ణి చంపింది, పాపభయంతో అవే బిళ్ళలు మింగి చచ్చింది. కేసు మూత. రాయడానికి నీకు అరపేజీ కూడా అక్కర్లేదు."

ఇస్త్రీ ఒక అడుగు ముందుకేశాడు. ఇద్దరి ముఖాల మధ్యా జానెడు దూరం కూడా లేదు. "నాకు పని నేర్పకు."

"నేర్పడం లేదు. బతిమాలుతున్నాను."

ఆ మాట చీమ నోట ఇస్త్రీ ఎప్పుడూ వినలేదు. అతను తల తిప్పి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఏదో చెప్పబోతోంది. నాలుక మందంగా కదిలింది, మాట ముద్దగా వచ్చింది. ఒళ్ళో గుడ్డ జారిపోయింది, దాన్ని అందుకోవడానికి చాచిన చెయ్యి గాల్లోనే తడుముకుంది.

ఇస్త్రీ ఇంకేం అడగలేదు. వంగి ఆవిడని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ముక్కులోంచి కారిన రక్తం అతని చొక్కా జేబు మీంచి కిందికి దిగింది. మెట్లన్నీ ఆ మనిషి అలాగే పరిగెత్తుకుంటూ దిగాడు.

*

స్కాన్‌లో కనిపించింది. పుర్రెకీ మెదడుకీ మధ్య సన్నటి రక్తపు చార. రక్తంలో ఆ బిళ్ళ మందు, రోగికి ఇచ్చే మోతాదు కంటే చాలా ఎక్కువ. వెంటనే విరుగుడు ఎక్కించారు. ఆపరేషన్ అవసరం పడకపోవచ్చనీ, సాయంత్రం దాకా చూసి చెబుతామనీ ఎమర్జెన్సీ డాక్టరు అన్నాడు. "రాత్రి దాకా ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు," అన్నది ఆయన చివరి మాట.

డిటెక్టివ్, ఇస్త్రీ కారిడార్‌లో మిగిలారు. ఒకడు పచార్లు, ఇంకొకడు చొక్కా మీద ఎండిపోతున్న మరకని గోకుతూ.

"ఎవరు పెట్టి ఉంటారు?" అన్నాడు ఇస్త్రీ. పొద్దుటి గొంతు కాదది.

"ఆవిడ అన్నం ముట్టడం లేదు. కాబట్టి తాగేదాంట్లో." డిటెక్టివ్ ఆ మాట అంటూనే ఆగాడు. ఏదో తోచింది, కానీ దానికి డాక్టరు మాట అడ్డుపడింది. మూడు వారాల సంగతి విన్నది పెద్దాయనా, ఆయన భార్యా. ఇంకెవరికీ తెలీదు. ఆవిడేమో హాస్పిటల్ గడపే తొక్కలేదంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడాలి. ఇద్దరిలో ఎవరికీ ఆ అవసరం కనబడటం లేదు.

గుండె డాక్టరు వేగంగా వచ్చాడు. ఆయన్ని ఎమర్జెన్సీ వాళ్ళు పిలిపించినట్టున్నారు. చేతిలో రక్తం రిపోర్టు.

"ఈవిడకి ఈ బిళ్ళ రాసిందెవరు? ఈసీజీ చూస్తే గుండె దివ్యంగా ఉంది."

"ఎవరూ రాయలేదు. ఆవిడ మీ పేషెంట్ భార్యే. బేకరీ పెద్దాయన భార్య."

డాక్టరు అద్దాల తలుపులోంచి లోపలికి చూశాడు. "ఎవరు? మంచం మీదున్నావిడా? కాదే."

"కాదేమిటి?"

"ఈవిడని నేనెప్పుడూ చూడలేదు. ఆయన భార్య, అదుగో, పక్కన స్టూలు మీద కూర్చుంది కదా. పాల గ్లాసు పట్టుకుని. ఆవిడే ప్రతిసారీ ఆయనతో వచ్చింది. ఆవిడే అన్నీ అడిగింది."

డిటెక్టివ్ అద్దంలోంచి చూశాడు. స్టూలు మీద తమ్ముడి భార్య. బేకరీ వ్యానులో మొగుడి వెంట వచ్చినట్టుంది. మంచం పక్క బల్ల మీద ఫ్లాస్కు. నర్సు లేదు. ఆవిడ ఎడమచేత్తో మగతలో ఉన్న తోడికోడలి మెడకింద ఆసరా పట్టి, కుడిచేత్తో గ్లాసు పెదాల దగ్గరికి తెస్తోంది.

అతను తలుపు తోసుకుని లోపలికి ఎప్పుడు వెళ్ళాడో అతనికే తెలీదు. ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. పాలు దుప్పటి మీద తొణికాయి.

"గ్లాసు ఇలా ఇవ్వండి."

"అక్క ఇక్కడికొచ్చాక ఏమీ తాగలేదు," అంది ఆవిడ. "చల్లారిపోతాయి."

"అయితే మీరు తాగండి. ఒక్క గుక్క."

ఆవిడ గ్లాసులోకి చూసింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ ఇస్త్రీని, అతని వెనక డాక్టర్ని చూసింది. డాక్టరు ముఖం ఆవిడకి గుర్తుంది. మెల్లగా తోడికోడలి తలని దిండు మీద ఆనించింది, జుట్టు సర్ది, గ్లాసు బల్ల మీద పెట్టింది.

కారిడార్‌లోకి వచ్చాక కూడా గొంతు పెంచలేదు.

"మా బావగారే రమ్మన్నారు తోడు. అక్కకి హాస్పిటల్ వాసన పడదని. మీ భార్యా అని డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు."

"ఎందుకు చేశారు?" అన్నాడు ఇస్త్రీ.

"గుండె బాగవగానే బిల్డింగ్ అమ్మేసి ఇద్దరూ ఎక్కడికో వెళ్ళిపోతామన్నారు. దారిలోనే చెప్పారు నాతో, ఏదో మంచి కబురు చెప్పినట్టు. మా ఆయన పన్నెండేళ్ళప్పట్నుంచీ ఆ పొయ్యి ముందు కాలిపోయాడు. ఆ పొయ్యి తప్ప ఆయనకి ఇంకో లోకం తెలీదు. ఆయన్ని ఒక్కమాట అడిగారా? అక్కకి ఏది ఇష్టమైతే అదే. బావగారు పోయి అక్క ఉంటే అమ్మేసేది అక్క."

వెనక ఎవరో గోడకి తగిలిన చప్పుడైంది. తమ్ముడు. వ్యాను ఎక్కడో ఆపి ఇప్పుడే వచ్చినట్టున్నాడు, తాళాలు చేతిలోనే ఉన్నాయి. ఎంత విన్నాడో తెలీదు. అన్నీ విన్నట్టే ఉన్నాడు.

"అడిగాడు," అన్నాడు.

ఆవిడ తిరిగి చూసింది.

"అన్నయ్య నన్ను అడిగాడు. అమ్మేయమన్నది నేనే." అతని గొంతు ఎక్కడో లోతులోంచి వస్తోంది. "ఆ సెగ ఇంక నా వల్ల కాదని, నిద్ర పట్టడం లేదని ఏడిస్తే, నాకోసమే అమ్ముతానన్నాడు. సంతకాలయ్యాక నీకు చెప్దామనుకున్నాం."

అంతసేపూ నిటారుగా ఉన్న మనిషి కారిడార్ గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి జారింది. ఇస్త్రీ సంకెళ్ళు బయటికి తీయలేదు. పక్కనే గొంతుకూర్చుని, లేవడానికి ఆవిడకి చెయ్యి అందించాడు.

వాళ్ళు లిఫ్టు దాకా వెళ్ళేవరకూ తమ్ముడు అలాగే నిలబడ్డాడు. తర్వాత తాళాలు జేబులో వేసుకుని, ముఖం చొక్కాతో తుడుచుకుని గదిలోకి వెళ్ళాడు. డిటెక్టివ్ అతని వెనకే వెళ్ళి ఫ్లాస్కూ గ్లాసూ జాగ్రత్తగా చుట్టి తీసుకున్నాడు.

మంచం మీద పెద్దావిడ కళ్ళు తెరిచింది. మరిదిని గుర్తుపట్టింది. చెయ్యి కాస్త ఎత్తి అతని వేళ్ళు పట్టుకుంది. మాట ఇంకా ముద్దగానే ఉంది, కానీ తెలుస్తోంది.

"మా చెల్లేదిరా?" అంది. "ఇందాక ఇక్కడే ఉంది. పిలువు దాన్ని. అది పక్కనుంటేనే నాకు ధైర్యం."